మెత్తబడ్డ రేకుల గురించి మీకు చెప్పాల్సిన మాట

అందరికీ నమస్కారం. ఆత్రేయపురంలో మా పూతరేకుల కొట్టుకు ఏళ్లుగా వస్తున్న మీకు ఒక విషయం దాచకుండా చెప్పాలి.

గత నెల నుంచి మా ఊరి చిన్న వ్యాపారులం 8 మందిమి కలిసి లొల్ల లాకుల దారిలో ఒకే షెడ్డు కింద ఫుడ్ కోర్టు నడుపుతున్నాం. ఇడ్లీలు, బజ్జీలు, చెరకు రసం, పచ్చళ్లు, మా రేకులు. ఎవరికి వారు రోడ్డు పక్కన ఎండలో నిలబడితే కార్లు ఆగవు. నీడ, మంచినీళ్లు, శుభ్రమైన బాత్‌రూమ్ ఉంటే పిల్లాపాపలతో వచ్చేవాళ్లు దిగుతారనుకున్నాం. దిగుతున్నారు కూడా.

అయితే మొదటి రెండు వారాల్లో కొన్నవాళ్లలో కొందరు, ఇంటికెళ్లి డబ్బా తెరిస్తే రేకులు మెత్తగా సాగుతున్నాయని ఫోన్ చేశారు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చూస్తే, మా బల్లకు నాలుగడుగుల్లోనే ఇడ్లీ పాత్ర ఉంది. బియ్యప్పిండిని పాలలా పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి, వేడి కుండ మీద లాగితే వచ్చే పొర మన రేకు. దానికి కాస్త చెమ్మ తగిలితే చాలు. ఇంట్లో చుట్టినన్నాళ్లూ ఈ బాధ లేదు. ఇక్కడ ఆవిరి, పైగా వానలు. ఓపెనింగ్ తొందరలో నేనే ఆలోచించలేదు.

ఇడ్లీల అక్కను జరగమనడం న్యాయం కాదు. మేమే షెడ్డు చివరికి మారి, మూడు వైపులా గోడ కట్టించాం. రేకులు తీసేది ఇంటి దగ్గరే, చుట్టేది మాత్రం మీరు అడిగాక, మీ ఎదురుగానే. పది నిమిషాలు ఆగాలి. మెత్తబడ్డ డబ్బా కొన్నవాళ్లు బిల్లు లేకపోయినా చెప్పండి, కొత్తది ఇస్తాం.

ఇంకో మార్పు. మొదట అందరికీ ఒకే అద్దె అనుకున్నాం. పచ్చళ్ల పెద్దమ్మకు వచ్చింది అద్దెకే చాల్లేదు. ఇప్పుడు ఎవరి అమ్మకాన్ని బట్టి వాళ్లు కడుతున్నాం. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చిన పేరు మనది, బయటి ఊళ్లవాళ్లు ముందు మా బల్ల దగ్గరే ఆగుతారు, కాబట్టి మా వాటా ఎక్కువ. అందుకే డబ్బాకు 10 రూపాయలు పెంచాను. నెయ్యి తగ్గించి పాత ధరకే ఇవ్వడం నాకు చేతకాదు.

ఈసారి వచ్చినప్పుడు పెద్దమ్మ బల్ల దగ్గర కూడా ఆగండి. ఆవకాయ కలిపిన ముద్ద చేతిలో పెట్టాకే ఆమె ధర చెబుతుంది.