అప్పలస్వామి చెవుల గురించి

ఒరే సత్తిబాబూ,

నీ కాగితాల కట్ట అంది నెల దాటింది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు కాస్త నయం, చంటిదాని పరీక్షలు అయిపోయాయి, నువ్వడిగిన ఆవకాయ జాడీ పెద్దక్క చేత పంపుతున్నాను. ఇంట్లో సంగతులు ఇంతే. ఇక అసలు విషయం, మూడు రోజులుగా కడుపులో ఆగడం లేదు.

నీ నవల పదకొండో అధ్యాయంలో, జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు మగ్గం నడిపిన అప్పలస్వామికి చెవుడొస్తుంది. హార్మోనియం ముందు కూర్చుని, ఒక్క స్వరమూ వినబడక ఏడుస్తాడు. అలా జరగదురా! ఆ చెవుడు అలా రాదు. అది ఎలా వస్తుందో తెలిస్తే నీ సమ్మె కథకి పెద్ద మలుపు దొరుకుతుంది. ఓపిగ్గా చదువు.

మోత వల్ల వచ్చే చెవుడు ముందు పై స్థాయి ధ్వనుల్ని పట్టుకుంటుంది. 3000 నుంచి 6000 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర గొయ్యి పడుతుంది, అంటే వినికిడి అక్కడ బాగా పడిపోతుంది. ఇప్పుడు అప్పలస్వామి హార్మోనియం పెట్టె చూడు. 42 మెట్లు, రెండు వరసల రీడ్లు (పలికే నాలుకలు), కింది స్థాయిది బేస్, దాని పైది మేల్ అని రాశావు. మేల్ వరస కింది చివర సుమారు 130 హెర్ట్జ్, పై చివర 1400 దాటదు. బేస్ వరస ఇంకో స్థాయి కింద. అంటే అతని చెవిలో పాడైన చోటుకి హార్మోనియం స్వరాల మూల ధ్వనులు చేరనే చేరవు. పలికే స్వరం వినబడుతుంది, పోయేది ఆ స్వరం మీది మెరుపు, అంటే దాంతో పాటు పలికే సన్నటి పై ధ్వనులు. కొత్త రీడ్లు వేయించినా "పెట్టె మూగగా ఉంది, దుప్పటి కప్పినట్టుంది" అంటాడు. రీడ్లదే తప్పనుకుని బాగు చేసేవాడితో పోట్లాడతాడు. అది రాయి.

అతను నిజంగా పోగొట్టుకునేది మనుషుల మాట. అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి, అవి వినబడతాయి. స, శ, త, ఫ లాంటి హల్లుల బలం పైన ఉంటుంది, అవి రాలిపోతాయి. మనవరాలు "సీత" అన్నా "పీత" అన్నా అతనికి ఒకటే. "వినబడుతోందే, ఏమంటున్నావో తెలీటం లేదు" అంటాడు. ఆడవాళ్ల, పిల్లల సన్నటి గొంతు మరీ కష్టం. మగ్గాల దగ్గర మాటలు కుదరక పెదవులు చూసి అర్థం చేసుకోవడం అలవాటైంది గనక, ఎదురుగా మొహం చూస్తే సరిగ్గానే జవాబిస్తాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఇంట్లోవాళ్లు పొగరనుకుంటారు. ఈ ఒక్క ముక్కతో కోడలి పాత్ర ఎంత మారిపోతుందో ఆలోచించు!

ఇప్పుడు మలుపు. చెవుడుకి పరిహారం కోసం యూనియన్ కేసు వేస్తుంది కదా నీ కథలో. కంపెనీ వకీలు లేచి, "ఇతను శ్రీరామనవమికి కోవెల్లో హార్మోనియం వాయించాడు, శ్రుతులు కూడా తనే సరిచేసుకుంటాడు, ఇతనికి చెవుడేమిటి?" అని అడగాలి. సాక్షులు కూడా నిజమే చెబుతారు, వాయించాడు కాబట్టి. అక్కడ ఊపిరాగిపోవాలి. జవాబు నేను పైన చెప్పినదే. చెవి పరీక్ష పటంలో 4000 దగ్గర గొయ్యి, 8000 దగ్గర మళ్లీ కాస్త పైకి లేవడం, రెండు చెవుల్లోనూ దాదాపు ఒకేలా. వయసు చెవుడైతే గీత పైకి లేవకుండా జారుతూనే పోతుంది. కాబట్టి "వయసు మీద పడిందయ్యా" అనే వాదన కూడా నిలవదు. అయితే ఇరవై రెండేళ్ల మోత, పైన వయసు కలిస్తే ఆ లేవడం చిన్నదైపోవచ్చు. కంపెనీ డాక్టరు దాన్నే పట్టుకుంటాడు. ఆ లాగులాట నీకు పదిహేను పేజీలకి సరిపోతుంది.

చట్టం సంగతి కూడా సరిచూసుకో. మోత వల్ల వచ్చే చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి రోగంగా ఉండేది. దాని కింది నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు, 95 అయితే 4, 100 అయితే 2 గంటలకి మించి ఉండకూడదు. నీ యూనియన్ వాళ్లు "మోత ఎక్కువండీ" అంటూ మొరపెట్టుకోవడం ఆపి, మీటరు పెట్టి కొలవమని పట్టుబట్టాలి. అంకె లేని మొర యాజమాన్యానికి గాలి.

శ్రుతి చేసే సన్నివేశం మటుకు మళ్లీ రాయాల్సిందే. "బిరడా తిప్పాడు" అన్నావు. హార్మోనియానికి బిరడాలు ఎక్కడివిరా, అది తంబురా!  రీడ్ అంటే ఇత్తడి పలక మీద ఒక చివర రివెట్ కొట్టిన ఇత్తడి నాలుక. శ్రుతి పెంచాలంటే కదిలే కొసన సన్నటి ఆకురాయితో కొద్దిగా గీకాలి, కొస తేలికై నాలుక వేగంగా ఆడుతుంది. తగ్గించాలంటే రివెట్ దగ్గర గీకాలి, అక్కడ పలచబడితే ఆట నెమ్మదిస్తుంది. గీకేటప్పుడు నాలుక కింద పాత బ్లేడు ముక్క దూర్చాలి, లేకపోతే వంగి పాడవుతుంది. నాలుక పలకకి మరీ దగ్గరైతే పలకనంటుంది, మరీ ఎత్తుగా లేస్తే ఆలస్యంగా పలికి గాలి తినేస్తుంది.

రెండు రీడ్లు కలపడం అలల లెక్క. ఒకటి 262, రెండోది 265 హెర్ట్జ్ అయితే సెకనుకి మూడు అలలు వినబడతాయి, అంటే ధ్వని మూడుసార్లు పొంగి తగ్గుతుంది. దగ్గరయ్యేకొద్దీ అలలు నెమ్మదించి ఆగుతాయి. ఏది ఎక్కువో చెవి చెప్పలేనప్పుడు, సరిచేసే రీడ్ కొసన ఆవగింజంత మైనం అంటించాలి. అలలు తగ్గితే ఆ రీడ్ ఎక్కువగా ఉన్నట్టు, పెరిగితే తక్కువగా ఉన్నట్టు. మైనం తుడిచేస్తే పోతుంది, ఆకురాయి చేసింది తిరిగి రాదు. గీకిన వేడికి ఇత్తడి శ్రుతి కాస్త దిగుతుంది, చల్లారితే ఎక్కుతుంది. శ్రుతి పెంచేటప్పుడు తొందరపడేవాడు అందుకే ఎక్కువ గీకేస్తాడు. తిత్తి కూడా ఒకే బలంతో ఊదాలి, గట్టిగా నొక్కితే శ్రుతి కొంచెం పడుతుంది.

అప్పలస్వామి ఈ అలల్ని అరచేత్తో కూడా పట్టగలడు. పెట్టె చెక్క మీద చెయ్యి ఆనిస్తే, సెకనుకి రెండు మూడు అలలు పొంగి తగ్గడం తెలుస్తుంది. ఆ చెయ్యి రోజంతా మగ్గం అదురు పట్టుకున్న చెయ్యే కదరా. ఇంకోటి, షిఫ్టు దిగగానే శ్రుతి చేయనివ్వకు. చెవులు హోరెత్తి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటాయి. సెలవు రోజు పొద్దున, మనసూ చెవీ తేరుకున్నాక కూర్చోబెట్టు. ఒకే పెట్టె శనివారం రాత్రి ఒకలా, సోమవారం తెల్లవారుజామున షిఫ్టుకి ముందు ఇంకోలా ఉందని అతనికే అనుమానం రావాలి. నాకు నచ్చిన చోటు అది. జబ్బు తెలియకముందే పెట్టె దాన్ని పసిగట్టింది.

మిల్లులో బ్యాచింగు అనే మొదటి దశలో జనపనారకి నూనె, నీళ్లు కలిపి చల్లి మెత్తబరుస్తారు కదా. ఆ నూనె పీచు బట్టల మీద క్వార్టర్సు దాకా వస్తుంది, తిత్తి గదిలోని గాలితో పాటు దాన్నీ లాక్కుంటుంది. నాలుకకీ పలకకీ మధ్య ఒక్క పోగు ఇరుక్కుంటే రీడ్ జీరగా పలుకుతుంది, లేదా మూగబోతుంది. జిగురు పోగు బ్రష్‌కి రాదు, రీడ్ విప్పి పలచటి కాగితం దూర్చి బయటికి లాగాలి. మిల్లు ఇంట్లోకి ఎలా వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి నీకు!

1962లో రేడియోలో హార్మోనియం వింటాడని రాశావు, కొట్టెయ్. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని లోపలికి రానివ్వలేదు. నాటక సమాజం పద్యాల వెనక వినిపించు, అక్కడ అదే ప్రాణం.

గేటు మీటింగులో బుర్రకథ అధ్యాయం చాలా బాగుంది, ఏడుపొచ్చింది. కాకపోతే వంతల చేతిలో డక్కీలు వర్షంలో... దాని సంగతి చాలా ఉంది, ఆ మట్టి గుమ్మెట తోలు తడిస్తే... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళయింది, కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. మిగతాది వచ్చే ఉత్తరంలో. పదకొండో అధ్యాయం ముట్టుకోకముందే నాకు రాయి.

నీ
బాబ్జీ