బేస్‌బాల్ పట్టికను డివిజన్ల వారీగా వేయండి

సంపాదకులకు,

అమెరికా బేస్‌బాల్ వార్తలకు మీ క్రీడా పేజీలో చోటిస్తున్నందుకు సంతోషం. పిల్లలు అక్కడ స్థిరపడ్డ ఇళ్లు నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో చాలా ఉన్నాయి కనుక ఈ ఆట మనవాళ్లకు ఇప్పుడు కొత్తేమీ కాదు. అయితే ఒక సవరణ అవసరం. మీ వార్తల్లో బలహీన డివిజన్‌లో (లీగ్‌లోని అయిదు జట్ల విభాగం) ముందున్న జట్టును ‘చెట్టు లేని చోట ఆముదం చెట్టు’ అని తీసిపారేయడం, అదే డివిజన్‌లో మూడు గేములు వెనకబడ్డ జట్టుకు ‘ఆశలు గల్లంతు’ అని శీర్షిక పెట్టడం, రెండూ తప్పే. లీగ్‌లోని 15 జట్లనూ గెలుపు శాతం ప్రకారం ఒకే వరసలో పేర్చడం వల్ల వస్తున్న తప్పు ఇది.

మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లు. అమెరికన్, నేషనల్ లీగ్‌లకు చెరో 15. ఒక్కో లీగ్‌లో ఈస్ట్, సెంట్రల్, వెస్ట్ అని అయిదేసి జట్ల డివిజన్లు మూడు. 2022 నుంచి లీగ్‌కు ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తున్నాయి. డివిజన్ విజేతలు ముగ్గురు నేరుగా వస్తారు, మిగిలిన మూడు చోట్లు డివిజన్ గెలవని జట్లలో ఎక్కువ గెలిచినవాటికి, వీటినే వైల్డ్ కార్డ్ అంటారు. బలహీన డివిజన్‌లోని జట్టుకు వైల్డ్ కార్డ్ దారి చాలా ఇరుకు. అక్కడ బలమైన డివిజన్లలో రెండు, మూడు స్థానాల్లో నిలిచిన జట్లు కాచుకుని ఉంటాయి. కాబట్టి దాని అసలు పోటీ పక్కనున్న నాలుగు జట్లతోనే. 2012లో డెట్రాయిట్ టైగర్స్ 88 గెలుపులతో అమెరికన్ లీగ్ సెంట్రల్ విజేతగా ముందుకెళ్తే, 90 గెలిచిన టాంపా బే, 89 గెలిచిన ఏంజెల్స్ ఇంటిదారి పట్టాయి.

లెక్క కష్టమేమీ కాదు. ముందున్న జట్టు 80 గెలిచి 70 ఓడిందనుకుందాం. రెండో జట్టు 77 గెలిచి 73 ఓడింది. గెలుపుల్లో తేడా మూడు, ఓటముల్లో తేడా మూడు. కలిపి రెండుతో భాగిస్తే మూడు గేముల వెనకబాటు. ఇద్దరికీ ఇంకా 12 మ్యాచ్‌లున్నాయి. సీజన్‌లో ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు, దానికి ఒకటి కలిపిన 163లోంచి ముందున్న జట్టు గెలుపులు 80, వెనకున్న జట్టు ఓటములు 73 తీసేస్తే 10 మిగులుతుంది. అదే మ్యాజిక్ నంబర్. మొదటి జట్టు గెలిచినా, రెండోది ఓడినా అది ఒక్కొక్కటే తగ్గుతుంది. సున్నాకు వస్తే డివిజన్ ఖాయం. ఆ 12లో మూడు వాళ్లిద్దరి మధ్యే ఉంటే కథ మారుతుంది. ముఖాముఖి మ్యాచ్ ఒక్కటి గెలిస్తే ముందున్న జట్టుకు నంబర్ ఒకేసారి రెండు తగ్గుతుంది. వెనకున్న జట్టు మూడూ గెలిస్తే మూడు గేముల తేడా మూడు రోజుల్లో మాయం. ఇలాంటి సిరీస్ ముందుండగా ‘గల్లంతు’ అని ఎలా రాస్తాం?

సమానంగా ముగిస్తే ఏమిటన్నది మీ వార్తల్లో ఎన్నడూ కనిపించదు. ఒకప్పుడు 163వ మ్యాచ్ ఆడించేవారు. 2022లో దాన్ని తీసేసి, ముఖాముఖిలో పైచేయి ఎవరిదైతే డివిజన్ వాళ్లకే ఇస్తున్నారు. 2023 నుంచి ఒకే డివిజన్ జట్లు ఒకదానితో ఒకటి 13 సార్లే తలపడుతున్నాయి, అంతకుముందు 19. పదమూడు బేసి సంఖ్య కనుక ముందుగా ఏడు గెలిచినవాళ్లకు ఆ సౌకర్యం చేతిలో పడ్డట్టే. పై ఉదాహరణలో అది ముందున్న జట్టుకే ఉంటే పదికి బదులు తొమ్మిది చాలు. ఈ మార్పుకు ఇంకో ఫలితమూ ఉంది. 162లో 52 మాత్రమే సొంత డివిజన్‌తో, తక్కిన 110 బయటి జట్లతో. బలహీనుల మీద గెలిచి లెక్క పెంచుకుందనే నింద మునుపటంత బలంగా నిలవదు.

గెలుపోటముల పక్కన చూడాల్సింది కొట్టిన పరుగులు, ఇచ్చిన పరుగులు. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ సూత్రం ప్రకారం కొట్టిన పరుగుల వర్గాన్ని (స్క్వేర్), కొట్టిన, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగించాలి. 700 కొట్టి 650 ఇచ్చిన జట్టుకు 0.537 వస్తుంది, అంటే 162కు సుమారు 87 గెలుపులు. అదే జట్టు నిజంగా 92 గెలుపుల వేగంతో పోతుంటే జాగ్రత్తపడాలి. ఒక్క పరుగు తేడా మ్యాచ్‌లు ఎక్కువగా గట్టెక్కి ఉంటుంది. అలాంటి జట్టు మ్యాచ్ చివరి ఏడు, ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్‌లను ఇద్దరు ముగ్గురు రిలీఫ్ పిచ్చర్ల (మధ్యలో దిగి బంతి విసిరేవాళ్ల) మీదే మోపుతుంది. వరసగా మూడో రోజు దిగినవాడి బంతి వేగం తగ్గుతుంది, మోకాళ్ల ఎత్తులో పడాల్సింది నడుం ఎత్తులో పడుతుంది, దాన్ని బ్యాటర్ గోడ దాటిస్తాడు. సెప్టెంబర్‌లో ఆధిక్యాలు కరగడానికి ఇదొక పెద్ద కారణం.

గెలిచి వచ్చాక ఏం చేస్తారన్నదానికి చరిత్రే జవాబు. 2005లో శాన్ డియేగో 82-80తో వచ్చి మొదటి సిరీస్‌లోనే మూడూ ఓడింది నిజమే. కానీ 1973లో న్యూయార్క్ మెట్స్ ఆగస్టు చివర్లో డివిజన్ అడుగున ఉండి, 82-79తో ముగించి, 99 గెలిచిన సిన్సినాటిని ఓడించి వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. 2006లో సెయింట్ లూయిస్ 83-78తో వచ్చి ఏకంగా కప్పే పట్టుకుపోయింది. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య విశ్రాంతి రోజులుంటాయి కనుక మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లు (స్టార్టర్లు) అయిదుగురు అక్కర్లేదు, ముగ్గురు గట్టివాళ్లుంటే చాలు. పైగా లీగ్‌లోని ముగ్గురు డివిజన్ విజేతల్లో మూడో స్థానంలో ఉన్న జట్టుకు తొలి సిరీస్ మొత్తం సొంతగడ్డ మీదే. 2023లో 87 గెలుపుల మిన్నెసోటా, 89 గెలిచిన టొరంటోను అలా ఇంటికి రప్పించి 2-0తో పంపింది.

మన సన్‌రైజర్స్ 2019లో 14కు ఆరే గెలిచి 12 పాయింట్లతో నాలుగో స్థానంలో ప్లేఆఫ్స్ చేరింది, అదీ చివరి లీగ్ మ్యాచ్‌లో ముంబై చేతిలో కోల్‌కతా ఓడాకే. ఆ వారమంతా మనవాళ్లు పక్క జట్లు ఎక్కడ ఆగుతాయో లెక్కలు వేశారు. అదే చూపు ఇక్కడా కావాలి.

అందుకని పట్టికను డివిజన్ల వారీగా వేయండి. ఒక్కో జట్టుకు గెలుపులు, ఓటములు, వెనకబాటు, మిగిలిన మ్యాచ్‌లు, పరుగుల తేడా ఇవ్వండి. సెప్టెంబర్‌లో మొదటి రెండు జట్ల ముఖాముఖి లెక్క కింద ఒక వరసలో చేర్చండి. ఇంకొకటి: అక్కడి తూర్పు తీరంలో రాత్రి ఏడింటి ఆట మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది, అప్పటికే పేపర్ అచ్చయిపోతుంది. కాబట్టి అమెరికా తేదీ ప్రకారం ఏ రోజు ఆటల వరకు లెక్కో పట్టిక పైన వేయండి. లేదంటే పొద్దున ఫోన్‌లో స్కోరు చూసినవాళ్లకు మీ మ్యాజిక్ నంబర్ తప్పుగా కనిపిస్తుంది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా