ప్రూఫుల కట్టను తిరిగి చేర్చినవారికి కృతజ్ఞతలు

గత సోమవారం సాయంత్రం బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం నుంచి సిటీ బస్సులో ఇంటికి వస్తూ, 212 పేజీల ప్రూఫుల (అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రతుల) కట్టను సీటు మీదే మరచి దిగిపోయిన ఫ్రీలాన్స్ సంపాదకుణ్ణి నేను. ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్ల నుంచి నేటి ప్రామాణిక అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన ఒత్తులన్నిటినీ 11 రోజులు ఎర్ర సిరాతో దిద్దిన ఆ కాగితాలకు వేరే నకలు లేదు. కవరు మీది నంబరుకు ఫోన్ చేసి, మరునాడు ఉదయమే మా వీధి చివరి జిరాక్స్ దుకాణంలో కట్టను అప్పగించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు. 87వ పేజీలో నా కన్నుగప్పిన ‘విధ్యార్థి’ని పెన్సిల్‌తో ‘విద్యార్థి’గా సవరించినవారు కూడా మీరే అయి ఉంటారు; 20 ఏళ్లుగా ఇతరుల ఒత్తులను లెక్కపెడుతున్న నాకు కాస్త సిగ్గు కలిగిన మాట నిజమే గానీ, ఆ సవరణను చెరపకుండా అలాగే ప్రెస్సుకు పంపాను.