నవంబరు ఆఖరి ఆదివారం: ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ దాకా నడుద్దాం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ చలికాలంలో నెలకో ఆదివారం పిల్లలూ పెద్దలూ కలిసి హైదరాబాద్ నగరంలో ఒక దారి నడవాలని అనుకున్నాం. ఏళ్ల తరబడి ఒకే బడికి పిల్లల్ని పంపుతున్నా గేటు దగ్గర హెల్మెట్లలోంచి తలాడించుకోవడం దగ్గరే మన పరిచయాలు ఆగిపోతున్నాయి. పేరెంట్స్ మీటింగులో అందరి ధ్యాసా మార్కుల మీదే. పక్కపక్కన నడిచేటప్పుడు మాత్రం ఎవరి మొహమూ ఎదురుగా ఉండదు కాబట్టి మొహమాటస్తులు కూడా నాలుగు మాటలు మాట్లాడతారు.

కేబీఆర్ పార్కులో పెట్టొచ్చుగా అని కొందరు అడిగారు. అక్కడ నడక వ్యాయామం కోసం. ముందున్నవాళ్లను దాటుకుంటూ పోవడమే పని. మనకు అడుగడుగునా ఆగడానికి కారణం దొరికే దారి కావాలి. అందుకే పాతబస్తీ.

ఉదయం 6.30కి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్‌స్టేషన్) ప్రధాన ద్వారం దగ్గర కలుద్దాం. సూర్యోదయం కూడా ఇంచుమించు అప్పుడే. దారిలో మరుగుదొడ్డి దొరకడం కష్టం, బస్టాండులోనే ఆ పని ముగించుకోండి. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆస్పత్రి, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్. సుమారు రెండున్నర కిలోమీటర్లు. ఆగుతూ నడిస్తే రెండు గంటలు. పత్తర్‌గట్టి దుకాణాల షట్టర్లు లేచే వేళకు మనం టీ తాగి ఇంటిదారి పట్టాలి. అవి తెరిచాక ఆ ఫుట్‌పాత్ మీద పిల్లల్ని వరుసలో నడిపించడం మన వల్ల కాదు.

ఎక్కువసేపు ఆగేది ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు దాదాపు 150 మంది ఆ కొమ్మలు పట్టుకుని బతికారు. కింద నగరంలో వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టారు: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. మీ ఇళ్లలో పెద్దవాళ్లు గండిపేట నీళ్ల గొప్ప చెబుతుంటారే, ఆ గండిపేట ఈ ఉస్మాన్ సాగరే. నయాపూల్ మీద నిలబడి నదిని చూపించి, పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద నడిస్తే కథ అతుకుతుంది. ఆ రాతి దుకాణాల వరుస కూడా వరద తర్వాత నగరాన్ని చక్కదిద్దినప్పుడు కట్టిందే. చెట్టు ఉన్నది ఆస్పత్రిలో కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడాలి, రోగుల వైపు ఫోన్లు తిప్పకూడదు.

ఒక జట్టుకు 24 మంది: పదహారు మంది పిల్లలు, ఎనిమిది మంది పెద్దలు. ముప్పై దాటితే గొంతు చివరిదాకా వినపడదు, మైకు కావాలి. మైకు వచ్చిందంటే నడక కాస్తా సభ అయిపోతుంది. ఎక్కువమంది వస్తే పదిహేను నిమిషాల తేడాతో రెండో జట్టును పంపుతాం.

జట్టు సాధారణంగా ఎక్కడ చెదురుతుందో చెప్తాను. ముందువాళ్లు ఆగి కబుర్లు చెప్పుకుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చి కలవగానే "పదండి" అంటారు. అంటే విశ్రాంతి దొరికింది ముందువాళ్లకే, అలసిపోయింది వెనకవాళ్లు. రెండుసార్లు ఇలా జరిగితే వరుస పొడుగ్గా సాగి ముక్కలవుతుంది. అందుకే చివరి మనిషి వచ్చాక రెండు నిమిషాలు ఆగాకే కదలాలి, కదలమనే మాట కూడా ఆ చివరి మనిషే చెప్పాలి. ఆ బాధ్యత తీసుకున్నవారు ఫొటోలు తీయకూడదు.

రోడ్డు దాటేటప్పుడు రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు వద్దు. మీటరు ఎడంతో 24 మంది నిలబడితే, మొదటి పిల్లాడు అడుగు వేసిన ఇరవై సెకన్లకు గానీ చివరివాడు రోడ్డెక్కడు. ఈలోగా ఆటో మధ్యలో దూరుతుంది, జట్టు రెండు ముక్కలవుతుంది. రోడ్డు అంచున ఆరుగురు చొప్పున నాలుగు వరుసలు కట్టి ఒక్కసారే దాటితే నాలుగైదు సెకన్లలో అందరూ కదులుతారు. వాహనాలు వచ్చే వైపు పెద్దలు ఉండాలి. అఫ్జల్‌గంజ్, మదీనా కూడళ్లలో ఇది తప్పనిసరి. దాటగానే లెక్క: ప్రతి ఒక్కరికీ ఒక అంకె ఇస్తాం, ఒకటి నుంచి 24 వరకు అరవడమే. పేర్లు పిలవడం కన్నా త్వరగా అవుతుంది, పిల్లలకు సరదా కూడా.

పెద్దలకు ఒక షరతు. మీ పిల్లల పక్కన కాకుండా వేరే ఇంటి పిల్లలతో నడవండి. ఇద్దరిద్దరుగా నడుస్తాం, ఆగిన ప్రతిచోటా జంట మారుతుంది: ఎడమ వరుస అలాగే ఉంటుంది, కుడి వరుస రెండు స్థానాలు ముందుకు జరుగుతుంది. లేకపోతే ఒకే అపార్ట్‌మెంటువాళ్లు ఒకచోట, ఒకే క్లాసు తల్లులు ఒకచోట చేరతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు దుకాణాల బోర్డులు చదివి మిగతావాళ్లకు చెప్పాలి. ఆ పని వాళ్లకే వదిలేయండి.

పిల్లలకు వేళ్లు కప్పే బూట్లు, అరలీటరు నీళ్లు, టోపీ చాలు. బ్యాండేజీ, ఓఆర్ఎస్ బడి తెస్తుంది. నాలుగో తరగతి లోపు పిల్లలతో ఇంటి నుంచి ఒకరు రావాలి. కార్లు వద్దు, పార్కింగ్ వెతకడానికే అరగంట పోతుంది. చార్మినార్ పైకి ఎక్కించడం ఈసారి లేదు. అంత పొద్దున్నే తెరవరు.

నడవలేని తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు 8.15కి ఆటోలో నేరుగా గుల్జార్ హౌజ్‌కి రావచ్చు. అక్కడ నిలబడి చుట్టూ నాలుగు కమానులనూ పిల్లలకు చూపించి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల దగ్గర మాతో కలుస్తారు. పేర్లు గురువారం లోపు క్లాసు టీచరుకు చెప్పండి, నడిచేవాళ్లు ఎందరు, ఆటోలో వచ్చేవాళ్లు ఎందరు అని విడిగా.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు