120 సీసీ బండి తర్వాత ఏమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పిల్లల మంచు ఆటల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) నేర్పాలంటే 120 సీసీ బండితో మొదలుపెట్టమన్న సలహా సబబే. అయితే ఆ బండి సరిపోని వయసుకొచ్చిన పిల్లల సంగతిని ‘తర్వాత పెద్ద బండికి మారవచ్చు’ అన్న ఒక్క వాక్యంతో తేల్చేశారు. తల్లిదండ్రులకు అసలు టెన్షన్ మొదలయ్యేదే అక్కడ.

120 సీసీ బండిని కంపెనీవాళ్లే గంటకు 13 కిలోమీటర్ల దగ్గర కట్టడి చేసి అమ్ముతారు. బరువు 65, 70 కిలోలు. బోల్తా పడితే పెద్దవాళ్లు ఒక్కరే లేపి నిలబెట్టగలరు. పదేళ్లు దాటేసరికి పిల్లల మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతుంటాయి, ఎంత నొక్కినా బండి పరిగెత్తదు, వాళ్లకు విసుగొస్తుంది. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది, షెడ్డులో పడున్న నాన్నగారి పాత బండి చేతికివ్వడం. లేదంటే ‘ఎలాగూ పెరుగుతాడు కదా’ అని ఏకంగా 600 సీసీది కొనడం. రెండు సైజులు పెద్ద చొక్కా కొంటే చేతులు మడిచి తొడగొచ్చు. రెండు వందల కిలోల బరువు, వంద హార్స్‌పవర్ పైన ఉన్న బండికి ఆ సౌకర్యం లేదు.

మధ్యలో బండ్లే లేవా అంటే ఉన్నాయి, కొన్నే. ఆర్కిటిక్ క్యాట్ జెడ్‌ఆర్ 200, యమహా స్నోస్కూట్ రెండూ 2018 మోడళ్లుగా వచ్చాయి. తొమ్మిది హార్స్‌పవర్ ఇంజన్, 120 సీసీ కంటే పెద్ద సీటు, మెరుగైన సస్పెన్షన్. పదేళ్ల పిల్లలకు సరిగ్గా కుదిరే కొలత. కానీ యమహా స్నోమొబైళ్ల తయారీ నుంచే తప్పుకుంటున్నట్టు 2023లో ప్రకటించింది కాబట్టి స్నోస్కూట్ కావాలంటే ఇక సెకండ్ హ్యాండే గతి. దాని పై మెట్టుగా పొలారిస్ తెచ్చిన ఇండీ ఈవో ఉంది. ఇంజన్ 550 సీసీ తరగతిదే అయినా వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా కట్టడి చేశారు, సీటు ఎత్తు తగ్గించారు. నా ఉద్దేశంలో ఇది కాస్త ఒడ్డూపొడుగూ వచ్చిన టీనేజర్ల బండి. పదకొండేళ్ల బక్కపిల్లాడికి మాత్రం కాదు.

కొనేముందు సీసీలు లెక్కపెట్టే బదులు పిల్లను బండి మీద కూర్చోబెట్టి చూడాలి, అదీ మంచులో వేసుకునే బూట్లు, దళసరి గ్లవ్స్, హెల్మెట్ అన్నీ తొడిగాక. రెండు పాదాలు ఫుట్‌బోర్డు మీద పూర్తిగా ఆనాలి. హ్యాండిల్‌ను ఒక చివరకు పూర్తిగా తిప్పినప్పుడు అవతలి భుజం సాగిపోకూడదు, మోచేయి ఇంకా కొంచెం వంగే ఉండాలి. ఎడమచేతి వేళ్లు గ్లవ్‌తోనే బ్రేకు లివర్‌ను చివరిదాకా లాగగలగాలి. చాలామంది పట్టించుకోనిది కుడి బొటనవేలు. స్నోమొబైల్‌కు యాక్సిలరేటర్ ఆ వేలి కిందే ఉంటుంది. గతుకులో బండి ఎగిరినప్పుడు బెదిరిన పిల్లలు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటారు, దాంతోపాటే బొటనవేలూ బిగుసుకుంటుంది. ఆపాలనుకున్న క్షణంలోనే బండి ఇంకా ముందుకు దూకుతుంది. 120 సీసీ మీద అయితే ఇది నవ్వుకుని మర్చిపోయే సంగతి. 600 సీసీ మీద ఎదురుగా చెట్టుంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. పడిపోతే ఇంజన్ ఆగేలా ఒంటికి తగిలించుకునే తాడు ఉంటుంది, అది తగిలించకుండా స్టార్ట్ చేయనివ్వకూడదు. అయితే ఆ తాడు పనిచేసేది పడ్డాకే. బొటనవేలు బిగుసుకుని సీటు మీదే ఉన్న పిల్లను అది కాపాడదు.

ఇక చట్టాల సంగతి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రాన్నే తీసుకోండి. పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ కంపెనీలు రెండూ పుట్టింది అక్కడే. పిల్లలు 11 ఏళ్లకే భద్రతా శిక్షణ తీసుకోవచ్చు, సర్టిఫికెట్ 12 నిండాక చెల్లుతుంది. 14 లోపు వాళ్లు రాష్ట్ర, కౌంటీ (మన జిల్లా లాంటిది) హైవేలు దాటకూడదు. ఇవి మంచి నిబంధనలే, కాదనను. కానీ ఆ సర్టిఫికెట్ పిల్లవాడి వయసును, శిక్షణను చూస్తుంది తప్ప బండి ఇంజన్‌ను చూడదు. మరోవైపు అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 16 ఏళ్ల లోపు వాళ్లు స్నోమొబైల్ నడపనే కూడదంటోంది. స్వీడన్‌లో చట్టమే 16 అంటుంది. డాక్టర్ల మాట వినే ఓపిక ఉన్న తల్లిదండ్రులు వినడమే మంచిది, ఈ ఉత్తరం వాళ్ల కోసం కాదు. కానీ చట్టం పన్నెండుకే ఒప్పుకున్న చోట పదహారు దాకా ఆగే ఇళ్లు ఎన్ని?

యూరప్‌లో మోటార్‌సైకిల్ లైసెన్స్ మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు 125 సీసీ, ఇంజన్ శక్తి 11 కిలోవాట్ల లోపు. ఆ తర్వాత 35 కిలోవాట్లు. ఆ పైన పెద్ద బండి. స్నోమొబైల్ సర్టిఫికెట్‌కూ ఇదే పద్ధతి ఎందుకు పెట్టకూడదు? ఫలానా వయసు దాకా ఇన్ని హార్స్‌పవర్లే అని ఉంటే తల్లిదండ్రులకు ఇంట్లో వాదించే పని తప్పుతుంది, కంపెనీలకు కూడా మధ్య సైజు బండ్లు తయారుచేయడానికి ఒక గిరాకీ ఏర్పడుతుంది. ఇప్పుడు ఆ గిరాకీ చాలకనే కాబోలు, ఉన్న కాసినీ తగ్గిపోతున్నాయి.

మళ్లీ ఈ విషయం మీద రాసేటప్పుడు 120కీ 600కీ మధ్య దొరికే బండ్లు, వాటి బరువు, సీటు ఎత్తు, గరిష్ఠ వేగం ఒక పట్టికగా వేయమని మనవి. డీలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కత్తిరించి జేబులో పెట్టుకెళ్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు