రాయగడ తెలుగువారి సంఘం: ఈ ఏటి కార్యదర్శి నివేదిక

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. పులిహోర వండించిన దంపతులకు, షామియానా ఊరికే వేయించిన సభ్యుడికి, చివరిదాకా ఉండి గిన్నెలు తోమించిన అమ్మలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ఇంకెవరినైనా మరిచిపోతే మన్నించండి, కావాలని కాదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది కంప్యూటర్ గది సంగతి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మన పక్క జిల్లాలోనే ఉంది, కాబట్టి ఆ రోజు మనకు మామూలు రోజు కాదు. బడిలో ఒడియా చదివే మన పిల్లలు శ్రీకాకుళంలోని ఒక మాస్టారికి ఆన్‌లైన్‌లో తెలుగు చదివి వినిపించాలని అనుకున్నాం. తీరా కంప్యూటర్లు మేడ మీద గదికి మార్చాక ఎనిమిదింట్లో మూడే పనిచేశాయి. మిగతావాటికి స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపే పెట్టె) మీద పచ్చ లైటు వెలుగుతోంది, నెట్ మాత్రం లేదు. తెరమీద 169.254తో మొదలయ్యే నంబరు కనబడేది. నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చే పరికరం దొరక్క కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న నంబరట అది.

విరాళంగా వచ్చిన ఆ 24 పోర్టుల సిస్కో 2960 స్విచ్‌లో పాత ఆఫీసు సెట్టింగులు ఎవరూ తుడవలేదు. పోర్టుల్ని (తీగలు గుచ్చే రంధ్రాల్ని) వేర్వేరు వీలాన్లుగా, అంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకోని గుంపులుగా, విడదీసి ఉంచారు. దాన్ని బిగించిన వాలంటీరు పైన పాస్‌వర్డ్ కూడా పెట్టి, ఎక్కడా రాయకుండా హైదరాబాద్ వెళ్లిపోయారు. ఫోన్ ఎత్తరు. వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్‌లు మాత్రం రోజూ వస్తాయి.

ఆగస్టు 28 సాయంత్రం మన కిరాణా సభ్యుడి అమ్మాయి పార్వతీపురం నుంచి స్విచ్‌ని ల్యాప్‌టాప్‌కు కలిపే నీలం కన్సోల్ కేబుల్ పట్టుకొని వచ్చింది. ముందు స్విచ్ మీది మోడ్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టింది. మామూలుగా దానికే తుడుచుకొని మళ్లీ లేస్తుందట. కదల్లేదు, ఆ దారి కూడా ముందే మూసేశారు. అప్పుడు పవర్ తీగ పీకి, మళ్లీ పెడుతూనే బటన్ నొక్కి, సిస్టమ్ లైటు ఒక్క క్షణం కాషాయానికి తిరిగి పచ్చగా నిలిచాక వదిలింది. ల్యాప్‌టాప్‌లో ఫ్లాష్ ఇనిట్ అనే ఆదేశం కొట్టి, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలును చెరపకుండా పేరు మార్చి, బూట్ చేసింది. పాస్‌వర్డ్ అడగలేదు. మేము చప్పట్లు కొట్టేశాం. "ఆగండి అంకుల్" అని తెర చూపించింది. పాత ఆఫీసు 'అకౌంట్స్', 'గోడౌన్' అనే పేర్లు ఇంకా అక్కడే ఉన్నాయి! ఆ పేర్లు కాన్ఫిగ్‌లో కాదు, vlan.dat అనే వేరే ఫైలులో ఉంటాయట. అదీ తీసేసి మళ్లీ రీలోడ్ చేస్తే ఎనిమిది కంప్యూటర్లూ లేచాయి. రాత్రి తొమ్మిదిన్నర అయింది. టెన్షన్‌తో తెచ్చిన బజ్జీలు అలాగే చల్లారిపోయాయి. మర్నాడు పిల్లలు చదివారు, మాస్టారు రెండుచోట్ల ఒత్తులు దిద్దారు.

ఆ అమ్మాయికి శాలువా కప్పాం. కేబుల్ డబ్బులు ఇస్తామంటే తీసుకోలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. చిన్న మిగులే ఉంది. అద్దె బాకీ లేదు.

గది కరెంటు మీటరు మార్పిడికి సంబంధిత కార్యాలయంలో మూడు అర్జీలు ఇచ్చాం. మూడుసార్లూ 'సాహెబ్ లేరు' అన్నారు. శనివారం క్లాసుకు పేర్లిచ్చినవారు పదకొండుమంది, వచ్చింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు నేను. మిగతా తొమ్మిదిమంది ఈ సభలోనే ఉన్నారు కాబట్టి పేర్లు చదవడం లేదు.

కొత్త పాస్‌వర్డ్ మినిట్స్ పుస్తకం చివరి పేజీలో రాసి బీరువాలో పెట్టాం. తాళం కోశాధికారి గారి దగ్గర ఉంది.

ఇట్లు,
కార్యదర్శి