టార్చ్ పోతే మిషనే మార్చమంటారా?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్‌లో మిగ్ వెల్డింగ్ మిషన్లు (చుట్ట నుంచి వైర్ దానంతటదే వస్తూ కరిగి అతికే రకం) చవగ్గా దొరుకుతున్నప్పటి నుంచి మా వైపు గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్ల పని చేసుకునే కుర్రాళ్లు అప్పో సప్పో చేసి ఒకటి కొనుక్కుంటున్నారు. మిషన్ బాగానే ఉంటుంది, దాంతో వచ్చే టార్చే, అంటే చేత్తో పట్టుకుని వెల్డింగ్ చేసే గన్నే, ముందు చేతులెత్తేస్తుంది. షాపుకి తీసుకెళ్తే స్పేర్లు రావు, కొత్తది తీసుకోండి అంటారు. టార్చ్‌ని మిషన్‌కే బిగించేసిన మోడల్ అయితే ఏకంగా మిషనే మార్చమంటారు. నాకూ అదే చెప్పారు. నేను మార్చలేదు, ఆ టార్చ్‌తోనే ఇప్పటికీ పని నడుస్తోంది.

వైర్ ఆగి ఆగి వస్తుంటే, వైర్‌ని ముందుకు తోసే రోలర్ దగ్గర ఉండ చుట్టుకుపోతుంటే మోటార్ పోయిందని కంగారు పడతారు. ముందు కాంటాక్ట్ టిప్ (టార్చ్ మూతిలో వైర్ బయటికొచ్చే చిన్న రాగి ముక్క) విప్పి వెలుతురుకి పెట్టి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం అరిగి కోలగా అయిపోయి ఉంటుంది, లేదా చిమ్మిన ఇనుము మూతికి అతుక్కుని ఉంటుంది. టిప్ మార్చినా అంతే ఉంటే తేడా లైనర్లోనే, అంటే కేబుల్ పొడవునా లోపల ఉండే స్ప్రింగు గొట్టంలో. వైర్ మోసుకొచ్చే దుమ్ము, రాగి పొడి అందులో పేరుకుంటాయి. బయటికి లాగి కంప్రెసర్ గాలి కొట్టండి, ఎక్కడైనా మడత పడి ఉంటే కొత్తది వేయండి. సాధారణంగా నీలం లైనర్ 0.6 నుంచి 0.9 మి.మీ. వైర్లకి, ఎరుపు 1.0, 1.2 వాటికి. కొత్త లైనర్‌ని సైజుకి కోసే ముందు టార్చ్‌ని నేలమీద తిన్నగా పరచాలి, ఎందుకంటే పొట్టిగా కోస్తే టిప్ వెనకాల ఖాళీ మిగిలి వైర్ అక్కడే మెలిక పడుతుంది. ఇంకోటి, గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ వైర్‌కి (లోపల పొడి నింపిన వైర్) టార్చ్ నెగటివ్‌లో ఉండాలి, గ్యాస్‌తో వాడే మామూలు వైర్‌కి పాజిటివ్‌లో. అది మార్చకుండా నిప్పులు చిమ్ముతోందని టార్చ్‌ని తిట్టేవాళ్లు చాలామంది.

అసలు మోసం కేబుల్లో ఉంది. ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి, పైన రాగి రంగు ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. కరెంటుని పారనిచ్చే గుణం అల్యూమినియానికి రాగిలో సుమారు 60 శాతమే, అందుకే అంతే మందం కేబుల్ ఎక్కువ వేడెక్కుతుంది, పైగా క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) చోట మెల్లగా వదులై అక్కడే కాలుతుంది. ముందు ఎర్త్ కేబుల్‌ని (వెల్డింగ్ చేసే ఇనుముకి తగిలించేది) 16 లేదా 25 చదరపు మి.మీ. అసలు రాగిదిగా మార్చండి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మీటర్ల లెక్కన తెచ్చుకోవచ్చు. కేబుల్ చివర తొడిగే లగ్‌ని గట్టిగా క్రింప్ చేయించండి, టంకం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అది 190 డిగ్రీలలోపే కరిగిపోతుంది. టార్చ్ వైపు కేబుల్ అయితే గ్యాస్ గొట్టం, ట్రిగ్గర్ తీగలు కలిసి ఉండే మిగ్ కేబులే వేయాలి. టిప్పులు క్రోమియం జిర్కోనియం కలిసిన రాగివి అడగండి, మామూలు వాటికన్నా బాగా మన్నుతాయి.

టార్చ్‌ని కావాలన్నప్పుడు బిగించి, పీకేసుకునే యూరో కనెక్టర్‌కి మార్చుకోవడం మంచి అప్‌గ్రేడే, కానీ దానికి మిషన్ విప్పాలి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైనే కాసేపు నిలిచి ఉంటుంది, ప్రాణం తీస్తుంది. ఆ పని తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి.

కంపెనీలు మిషన్ డబ్బా మీద 200 ఆంపియర్లని పెద్ద అక్షరాల్లో వేస్తాయి, టార్చ్ సంగతి ఎత్తవు. ఈ మిషన్లతో ఎక్కువగా వచ్చే 15ఏకే రకం టార్చ్ మంచి తయారీదైనా కార్బన్ డయాక్సైడ్‌తో 180, ఆర్గాన్ మిశ్రమంతో 150 ఆంపియర్లే మోస్తుంది, అది కూడా 10 నిమిషాల్లో 6 నిమిషాలే. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. మా లాంటి వాళ్లకి కూడుపెట్టే చేతిపని మిషన్లనీ అందులో చేర్చాలి. కేబుల్ రాగో అల్యూమినియమో, టిప్, లైనర్ ఏ సైజో డబ్బా మీద తప్పనిసరిగా రాయించాలి. ఐటీఐల్లో ఏడాది పాటు నేర్పే వెల్డర్ కోర్సులో టార్చ్ మొత్తం విప్పి బిగించడం ప్రతి విద్యార్థి చేత చేయించాలి. ఈలోగా స్పేర్లు ఇవ్వం అనే షాపు ఎదురైతే బిల్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

– ఒక చిన్న వర్క్‌షాప్ యజమాని, గుంటూరు జిల్లా